బెత్తెడు దూరం

“మూత తీయండమ్మా,” అన్నాడు హోలిస్.

ముసలావిడ తీయలేదు. లోపలున్నవన్నీ బయటికి కనబడే సంచులనే డన్‌మోర్ స్టేడియంలోకి రానిస్తారు. ఆవిడ సంచిలో కళ్లజోడు, రుమాలు, ఒక పౌడరు డబ్బా ఉన్నాయి. డబ్బాకి నాలుగు రబ్బరు బ్యాండ్లు వేసి బిగించడం చూస్తేనే హోలిస్‌కి అనుమానం వచ్చింది.

“పౌడరేగా! చూపిస్తే ఏం పోయింది?”

“పౌడరు కాదు బాబూ,” ఆవిడ గొంతు తగ్గించింది. “మా ఆయన.”

నిరుడు ఇలాగే ఎవరో వాళ్ల తాతగారి బూడిద తెచ్చి మైదానంలో చల్లిపోయారు. ఆ మేరకి గడ్డి మాడిపోయింది. ఇంకొక్క చిటికెడు బూడిద నీ గేటు దాటిందంటే ఆ నీలం కోటు విప్పిచ్చేసి ఇంటికి పొమ్మని సూపర్‌వైజర్ కిర్బీ అందరి ముందూ చెప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా వేసుకుంటున్న కోటు అది. శనివారం పొద్దున్నే అది తొడుక్కుంటే తప్ప హోలిస్‌కి తానూ ఒక మనిషినే అనిపించదు. భార్య పోయాక మరీను.

“నా వల్ల కాదమ్మా. ఆయన్ని ఇంటికి తీసుకెళ్లిపోండి.”

“ఇంట్లో ఉండనంటేనేగా తెచ్చింది! పోయేముందు చెయ్యి పట్టుకుని ఒట్టేయించుకున్నాడు. ‘వెర్నా, నన్ను ఆ గీత దగ్గర దింపు, లేకపోతే పైన కూడా నాకు నిద్ర పట్టదు’ అని.”

“ఏ గీత?”

“దక్షిణం వైపు గోల్ గీత. ఆ రోజు ఆ మనుషుల గుట్టలో అట్టడుగున ఉన్నాడు మా ఆయన.”

హోలిస్ ఆ సంచిని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకున్నాడు.

ఆ రోజు సంగతి డన్‌మోర్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. యాభై రెండేళ్ల కిందట, కాల్డర్ కాలేజీతో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. ఆఖరి నిమిషం. బంతి చేత్తో పట్టుకుని ఆ గీత దాటి, రిఫరీ రెండు చేతులూ పైకెత్తాడంటే గెలుపు కాల్డర్ వాళ్లది. నాలుగుసార్లు మీదికొచ్చారు. నాలుగుసార్లూ డన్‌మోర్ కుర్రాళ్లు గోడలా అడ్డం పడ్డారు. ఆఖరిసారి ఒకడి మీద ఒకడు పడ్డ గుట్టని లాగి చూస్తే, బంతి గీతకి బెత్తెడు ఇవతలే ఆగిపోయి ఉంది! పదేళ్ల హోలిస్ అప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద ఉన్నాడు. అరవై వేల మందితో కలిసి నాన్న అరిచిన అరుపుకి ఆయన పళ్లసెట్టు ఊడి ముందు వరసలో ఒకావిడ ఒళ్లో పడింది. ఇప్పటికీ డన్‌మోర్ ఆటగాళ్లు ఆ చోట గడ్డిని తాకి గానీ ఆటలోకి దిగరు.

“ఇంతకంటే పెద్ద స్టేడియాలు దేశం నిండా ఉన్నాయి. ఆ బెత్తెడు మాత్రం మా దగ్గరే ఉంది,” అంటుంటాడు హోలిస్, వినేవాళ్లు దొరికితే చాలు.

“అయితే ఆ మొనగాళ్లలో ఒకరన్నమాట మీ ఆయన!”

ఆవిడ రుమాలుతో కళ్లొత్తుకుంది. “ఆ రోజు ఆ గడ్డి మీదే పడి ఏడ్చాడు బాబూ. తర్వాత ఏ రాత్రీ ఆ గీత కలలోకి రాకుండా లేదు. నిద్దట్లో పరిగెత్తేవాడు. ఆ తన్నులకి నా పిక్కలు చూడు, ఎలా తయారయ్యాయో!”

“ఆయన పేరేంటమ్మా?”

ఆవిడ నోరు విప్పేలోపే వెనక నుంచి కిర్బీ వచ్చాడు.

“ఏంటి హోలిస్, లైను కదలట్లేదు? ఏముంది ఆ డబ్బాలో?”

ఆవిడ చక్కగా రబ్బరు బ్యాండ్లు తీసి, మూత తెరిచి, రుమాలు కొసతో కాస్త అద్దుకుని, ముక్కుకి రాసుకుంది.

“ఈ ఎండకి మొహం జిడ్డు కారిపోతోంది నాయనా. నీకూ కాస్త కావాలా?”

“వద్దమ్మా వద్దు,” అంటూ కిర్బీ వెళ్లిపోయాడు.

“ముక్కుకి... ఆయన్నే...” హోలిస్ నోరు తెరిచాడు.

“పెళ్లయిన కొత్తలో కూడా ఇంత దగ్గరికి రాలేదు మహానుభావుడు,” అంది ఆవిడ తుమ్ముతూ.

ఇంక హోలిస్ ఆలోచించలేదు. కోటు పోతే పోయింది. తన గేటుని పక్క లైను చూస్తున్న డార్లీన్‌కి అప్పగించి, బ్యాండు వాళ్లు వెళ్లే సొరంగంలోంచి ఆవిడని మైదానంలోకి తీసుకుపోయాడు. డప్పులు సరిచూసుకుంటున్న పిల్లలు నీలం కోటు చూసి దారిచ్చారు. బయట కాలుస్తున్న పంది పక్కటెముకల పొగ లోపలికి కమ్ముకొస్తోంది.

“ఇదిగోనమ్మా. సరిగ్గా ఇక్కడే.”

ఆవిడ వంగి చూసింది. “ఇక్కడొద్దు. ఇంకాస్త అటు.”

“అటు కాదమ్మా, బంతి ఇటే ఆగింది.”

“తెలుసులే బాబూ.”

ఆవిడ గీత దాటి నిండుగా ఒక అడుగు లోపలికి వేసి, డబ్బా మొత్తం వొంపేసింది. చూపు ఆనడం లేదు పాపం, అనుకున్నాడు హోలిస్. ఆవిడ బూటుతో ఆ బూడిదని గడ్డిలోకి గట్టిగా తొక్కి, చర్చిలో లాగా రెండు చేతులూ ఆకాశానికెత్తింది. హోలిస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

“ఇప్పుడైనా చెప్పండమ్మా, వాళ్లలో ఎవరాయన? ఆ రోజు అడ్డుపడ్డ పదకొండు మంది పేర్లూ నాకు నోటికొచ్చు.”

“వాళ్లలో ఉండదులే నాయనా ఆయన పేరు,” ఆవిడ ఖాళీ డబ్బాకి మూత పెడుతూ, పదహారేళ్ల పిల్లలా నవ్వింది. “ఆ రోజు బంతి ఆయన చేతిలో ఉంది.”