నాగవ్వ పిలుపు

"నోరు తెరువు బిడ్డా. పండ్లేమన్న ఊగుతున్నయా?"

నూలు చీర, చేతిసంచి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. ఎవరో పెద్దావిడ అడక్కుండానే వచ్చి ఆసుపత్రిలో ప్రియదర్శిని మంచం మీద కూర్చుంది.

తండ్రి మత్తయ్యకు ఒళ్ళు మండింది. రేపు పిల్లకు వెన్ను ఆపరేషన్ పెట్టుకుని ఈ పూట పళ్ళ సంగతేమిటి?

"ఎవరమ్మ నువ్వు?"

"మత్తు డాక్టరును."

మర్యాద కోసం లేచాడు గానీ పెద్దగా లెక్కచేయలేదు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు పేరు, ఊరు, ఆఖరికి అత్తగారి ఊరు కూడా కనుక్కున్నాడు మత్తయ్య. మత్తు డాక్టరుకు కూడా ఒక పేరుంటుందన్న ఆలోచన అతనికి రానేలేదు.

ప్రియదర్శిని వెన్ను ఏటేటా వంకర తిరుగుతోంది. ఇప్పుడు ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. ఆపరేషన్ అయితే నిటారుగా నిలబడుతుంది. లోపల నరం నలిగిందా, ఇక ఎప్పటికీ నిలబడదు. తాండూరు నుంచి ఈ వికారాబాద్ ఆసుపత్రికి వస్తూ రైల్లో ఆ తండ్రి తన భయం బిడ్డకు కనబడనివ్వలేదు.

ఇప్పుడు మాత్రం ఆగలేకపోయాడు.

"మేడమ్, నా బిడ్డకు మత్తుకు గ్యాసే ఇయ్యున్రి. గట్టిగ ఇయ్యున్రి. పిల్లకు ఏం తెల్వద్దు."

"ఏం తెల్వది, ఫికర్ చెయ్యకు. గ్యాసు మాత్రం వద్దయ్యా."

"ఎందుకొద్దు?"

"రేపు నరాల మిషను పెడ్తున్నం. తల కాడ కరెంటు చిన్నగ తట్టితె కాలు ఉలుక్కుపడాలె. గప్పుడే నరం మంచిగున్నట్టు. గ్యాసు ఎక్కువైతె నరం గూడ మత్తుల పడ్తది, మిషనుకు జవాబియ్యది. అందుకే సెలైన్ లెక్క చుక్క చుక్క మందిస్త. ఆపితె జల్ది తెలివికొస్తది."

"మరి పండ్లెందుకడిగిన్రు?"

"కాలు ఉలికినప్పుడు దవడ గూడ బిగుస్తది. నాలుక కొరుక్కోకుంట నడుమ బట్ట పెడ్త."

మత్తయ్యకు ఇంకా నమ్మకం చిక్కలేదు.

"నాకు గిదే దవాఖానల గ్యాసే ఇచ్చిన్రు. సూడున్రి, ఎట్లున్న!" నడుము చరిచి చూపించాడు.

"అప్పట్ల గదే ఉండె." ఆవిడ నవ్వింది. "నీకేమైంది?"

అడగడమే ఆలస్యం.

ప్రియదర్శిని దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దేవుడి మేలు చెప్పుకునే ఈ సాక్ష్యం ఆమె పుట్టినప్పటి నుంచీ వింటోంది. ఏటా కోత పండుగ నాడు తాండూరు చర్చిలో మత్తయ్య లేచాడంటే, వెనక బెంచీల వాళ్ళు కాళ్ళు చాపుకుని మరీ కూర్చుంటారు.

అప్పటికి మత్తయ్యకు పెళ్ళి కాలేదు. గనిలో నాపరాయి బండ జారి నడుము మీద పడింది. నొప్పికి తెలివి తప్పినవాణ్ణి లారీలో వేసుకొచ్చారు. ఆపరేషన్ బల్ల మీద బోర్లా పడి ఉండగా ఎక్కడినుంచో పిలుపు వినిపించింది.

"మా అవ్వ, మేడమ్! నన్ను కన్నతల్లి నాగవ్వ. సచ్చిపోయి అప్పటికే శాన దినాలు. 'మత్తయ్యా, కొడుకా, కాలేళ్ళు జర ఊపు' అన్నది. ఊపిన. 'శాబాష్! ఇగ నిమ్మలంగ పండు' అన్నది. చిన్నప్పుడు కందిచేను గట్టు మీద చీర పరిచి, నెత్తి నిమురుకుంట గట్లనే అంటుండె. గా గొంతే! దేవుడే తోలిండు మా అవ్వను. లేకుంటె నాకు కాళ్ళెక్కడియి?"

ఎన్నిసార్లు చెప్పినా ఆ కందిచేను దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి తన తల మీదికే పోతుంది. ఈసారీ అంతే అయింది.

ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"మీ అవ్వ మంచిదయ్యా," అంది లేస్తూ. "రేపు గూడ వస్తదిలే."

మర్నాడు ఆపరేషన్ గది తలుపు తెరుచుకునేసరికి మధ్యాహ్నం దాటింది.

ముందుగా ఆ పెద్దావిడే వచ్చింది. మత్తయ్య దగ్గర ఆగి ఏదో చెప్పబోయింది. ఇంతలో వెనక పెద్ద డాక్టరు కనిపించాడు. మత్తయ్య ఆవిణ్ణి దాటుకుని పరుగెత్తాడు. తెచ్చిన శాలువా ఆయనకు కప్పి, రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు.

"కాళ్ళు బాగున్నాయి. అంతా మేడమ్ వల్లే..." అంటున్నాడు డాక్టరు.

కాళ్ళు బాగున్నాయన్న మాట తర్వాత మత్తయ్య చెవికి ఇంకేమీ ఎక్కలేదు. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఆవిడ లేదు.

సాయంత్రం ప్రియదర్శిని మెల్లగా మాట్లాడింది.

"నాయినా, నడిమిట్ల మిషనుకు నా కాలు ఉలుకుడు ఆగిపోయిందట. నరం దెబ్బతిన్నదో, మిషనే చెడిందో తెల్వక అందరు పరేషానైన్రట."

"అయ్యో! మరెట్ల?"

"మేడమ్ మత్తు ఆపి నన్ను లేపింది. పిలుస్తె భయపడకని పొద్దుగాలనే చెప్పింది. నొప్పేం లేకుండె. గొంతొక్కటే ఇనబడ్డది."

"ఏమన్నది బిడ్డా?"

"'ప్రియా, బిడ్డా, కాలేళ్ళు జర ఊపు' అన్నది. ఊపిన. 'శాబాష్! ఇగ నిమ్మలంగ పండు' అన్నది."

చెప్పుల్లో మత్తయ్య కాలివేళ్ళు వాటంతటవే కదిలాయి.

సెలైన్ మారుస్తున్న నర్సు రెబెక్క నవ్వింది. "ఆమెకు గదే అలవాటు. గీ దవాఖానల మిషన్లు లేని దినాలల్ల నడుం ఆపరేషనంటె అందర్ని గట్లనే లేపి అడుగుతుండె. రిటైరైనా నీ బిడ్డ కోసం పిలిపిచ్చిన్రు. ఇదే ఆఖరుది, ఇగ రానని చెప్పి పోయింది."

"సిస్టరమ్మా..." మత్తయ్య లేచి నిలబడ్డాడు. "ఆమె పేరేంది?"

"స్నేహలత మేడమ్."

నిన్న ఇదే మంచం మీద కూర్చుని, అతని సాక్ష్యమంతా చివరిదాకా విని, ఆ గొంతు తనదేనని ఒక్క మాటైనా అనకుండా, 'మీ అవ్వ మంచిదయ్యా' అని లేచి వెళ్ళిపోయింది ఆవిడ.