చేతులెత్తని నాయకుడు

గగన్‌పహాడ్ గోదాములో పని ముగించుకొని బయటికొచ్చేవాళ్లు గేటు దగ్గర రెండు చేతులూ పైకెత్తి తనిఖీ చేయించుకోవాలి. ఒకనాడు శివశంకర్ ఎత్తలేదు. "నేనేమన్న దొంగనా?" అని గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. ఆ రోజే నాయకుడయ్యాడు.

ఇప్పుడాయన చేతులు కారు తలుపు తీసుకోవడానికి కూడా లేవవు. దానికో మనిషున్నాడు.

శంషాబాద్ యూనియన్ ఆఫీసుకు భాగ్యలక్ష్మి వచ్చింది, అదే గోదాములో ప్యాకింగ్ పని చేసే మనిషి. ఆమెను నోరు విప్పనివ్వకుండా, చాయ్ చల్లారేదాకా, ఆ పాత కథే వినిపించాడు.

"ఇజ్జత్ ముఖ్యం చెల్లె. ఎవ్వని ముంగటా చేతులెత్తద్దు."

"గందుకే వచ్చిన అన్నా. గేటు కాడ కొంగులు గూడ దులిపిస్తున్నరు. రేపటిసంది మేమూ ఎత్తం. నువ్వొచ్చి మాతోని కూసోవాలె."

"మేనేజర్‌తోని మాట్లాడుతున్న. జర ఓపిక పట్టుండ్రి."

భాగ్యలక్ష్మి లేచింది.

"అయితే నా ఫోను ఇప్పియ్యన్నా. నీ మాటలు రికార్డు చేస్తనని, నీ తలుపు కాడున్నోడు నాతోని చేతులెత్తిచ్చి, అంతా ఎతికి గుంజుకున్నడు. గోదాము గేటు కాడ ఎతికేటందుకు ఆడమనిషన్న ఉంటది."