కుర్చీ వదిలిన అధికారిణి

ఆ గదిలోకి మూడో మనిషిని ఎవరు పిలిచారో లెక్చరరమ్మ అడగనే లేదు.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీకి కొత్త సిలబస్ తయారవుతోంది. ఏ సెమిస్టర్‌లో ఏ పేపరు ఉండాలో తేల్చడానికి హెడ్డుగారూ, లెక్చరరమ్మా మధ్యాహ్నాలు కూర్చుంటున్నారు.

కిటికీ పక్క కుర్చీలో ఆవిడ.

నిండా నలభై ఉండవు. ముతక చీర, బిగించి ముడి వేసిన జుట్టు. చేతులు ఒళ్లో పెట్టుకుని వింటూ ఉంటుంది.

యూనివర్సిటీ పంపిన నిపుణురాలేమో అనుకుంది లెక్చరరమ్మ. అలాంటివాళ్లని నువ్వెవరని అడిగితే కొత్త గొడవ.

ఒక్కటే వింత. బయట ఎండ మండిపోతున్నా, ఆవిడ పక్కనుంచి నడిస్తే పాదాలకి చల్లగా తగిలేది.

"బడ్జెట్ పేపరు రెండో ఏడాదికి జరుపుదాం. మొదట్లోనే పెడితే పిల్లలు పారిపోతున్నారు" అన్నారు హెడ్డుగారు.

"అలాగే సార్. విధి నిర్వహణ పేపరు మాత్రం మొదటి ఏడాదే ఉండాలి. అందులో కంట్రోల్ రూమ్ పాఠం తప్పనిసరి."

"ఏదీ, ఆ వరద కేసా?"

"అదే సార్. వరద రాత్రి కంట్రోల్ రూమ్ చూసుకోవలసిన అధికారిణి, ఎవరికీ చెప్పకుండా కుర్చీ వదిలేసి వెళ్లిపోయింది. ఊరి పేరూ లేదు, మనిషి పేరూ లేదు. అయినా పిల్లలకి భలే ఎక్కుతుంది. పారిపోయిన మనిషిని తిట్టడం ఎవరికి ఇష్టముండదు?"

హెడ్డుగారు నవ్వారు.

"ఎక్కడికి వెళ్లిందో పాఠంలో ఉందా?"

ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. గొంతు ఎక్కడో అడుగునుంచి వస్తున్నట్టు ఉంది.

లెక్చరరమ్మ తడబడి సర్దుకుంది.

"అది అవసరం లేదండీ. ఉండమన్న చోట ఉందా లేదా, అంతే ప్రశ్న."

"పిల్లలు అడగరా?"

"అడిగినా మార్కులుండవండీ."

హెడ్డుగారు మళ్లీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. ఆ చూపు మాత్రం లెక్చరరమ్మ ముఖం మీద నుంచి కదల్లేదు.

మర్నాడు హెడ్డుగారు ఇంకా రాలేదు. లెక్చరరమ్మ తలవంచుకుని పేపర్ల వరుస సరిచేసుకుంటోంది.

"ఎంత పొడుగయ్యావో!"

ఉలిక్కిపడి తలెత్తింది. తను వచ్చేసరికి ఖాళీగా ఉన్న కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది.

మహా అయితే తనకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆ మాట అనే వయసు కాదు.

"నన్ను ఇంతకుముందు చూశారా?"

ఆవిడ బల్ల మీది పాఠం కాగితం వైపు చూసింది.

"మీరు ఏ డిపార్ట్‌మెంటండీ?"

"ఆ ఒక్క వాక్యం చేర్చు. ఎక్కడికి వెళ్లిందో చేర్చు. అంతకంటే ఏం వద్దు."

అది ఆజ్ఞలా లేదు, బతిమాలుకున్నట్టుంది.

"నాకు తెలియనిది నేనెలా చేర్చనండీ? పాఠానికి ఆధారమైన విచారణ నివేదికలోనే లేదు."

"అడిగితే చెప్పేవాళ్లున్నారుగా."

అంతలో హెడ్డుగారు వచ్చారు. మాట అక్కడే తెగిపోయింది.

ఆ సాయంత్రమే సిలబస్ ఖాయమైంది. లెక్చరరమ్మ సంతకం పెట్టింది. హెడ్డుగారు ఫైలు ప్రెస్సుకి పంపేశారు.

ఆవిడ లేచింది.

"సరేనమ్మా, వస్తాను" అని వెళ్లిపోయింది.

లెక్చరరమ్మ ఆగలేక అడిగేసింది.

"సార్, ఆవిణ్ణి ఏ యూనివర్సిటీ పంపింది?"

"పంపడమేమిటమ్మా? ఆవిడ మీ అక్కగారు కదూ?"

"నాకు అక్క లేదు సార్."

హెడ్డుగారు కళ్లజోడు తీశారు.

"మరి రోజూ నీ వెనకాలే మెట్లెక్కేది కదమ్మా! నువ్వు తడబడితే పట్టుకోవడానికన్నట్టు, చేతులు చాపుకుని."

లెక్చరరమ్మ వరండాలోకి పరిగెత్తింది.

మెట్ల మలుపులో వాళ్లమ్మ నిలబడి ఉంది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలని కూతురి కోసం వచ్చింది. గోడకి ఆనుకుని, రెండు చేతులూ జోడించి, ఖాళీ మెట్లకేసి చూస్తోంది.

"అమ్మా! ఏమైంది? కళ్లు తిరిగాయా?"

"ఇటే దిగిందే. నన్ను చూసి ఆగింది కూడా. ఒక్క రోజు కూడా వయసు పైబడలేదే ఆ మనిషికి!"

"నీకు తెలుసా ఆవిడ?"

తల్లి మెట్టు మీద కూలబడింది. వరదలో తమ ఇల్లు మునిగిన రాత్రి గురించి ఆమె ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. నాయనమ్మ నీళ్లలో పోయిందన్నదొక్కటే కూతురికి తెలుసు.

"ఇక్కడికెందుకొచ్చిందే?"

"మా పాఠం గురించి. కంట్రోల్ రూమ్ వదిలి పారిపోయిన అధికారిణి..."

"పారిపోయిందా?" తల్లి చివ్వున తలెత్తింది. "ఎవరు చెప్పారే నీకు? మా వాడకి నీళ్లొస్తున్నాయని ఎవరితో చెప్పినా కదల్లేదట. అందుకే కుర్చీ వదిలేసి తనే వచ్చానంది. తలుపు తలుపూ బాది లేపింది. రేపు ఉద్యోగం ఊడుతుందేమోనంటే, ఊడనీ అంది."

లెక్చరరమ్మ పరుగున వెళ్లి హెడ్డుగారిచేత ప్రెస్సుకి ఫోన్ చేయించింది.

"ఫైలు అందగానే అచ్చు మొదలెట్టేశారటమ్మా. ఇక మార్చడం కుదరదట" అన్నారు ఆయన, ఏమీ అర్థంకాక.

లెక్చరరమ్మ తిరిగొచ్చి, తల్లి పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"చివరికి ఏమైందమ్మా ఆవిడ?"

తల్లి కూతురి తల నిమిరింది.

"ఏడుస్తున్న నిన్ను భుజాన వేసుకుని మిద్దె మీదికి చేర్చి, నా చేతుల్లో పెట్టి, ముసలావిడ ఇంకా కిందే ఉందంటూ మళ్లీ నీళ్లలోకి దిగిందే, ఇక పైకి రాలేదు."