దెబోరా వేసుకున్న ఖాకీ

ఖాకీ బట్టల్లో దెబోరా జీపు దిగేసరికి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. నాయన లేడు.

"ఇప్పుడే ఈడ్నే ఉండె గదమ్మా," అంది పక్కింటి జీవమ్మ. "మీ జీపు మలుపు తిరిగేది చూసి ఎనక గోడ దూకి పాయె. వాకిలుండంగ గోడెందుకు దూకినాడో నాకూ తెల్దు."

దెబోరాకు అంతా అయోమయంగా ఉంది. నంద్యాలలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పే తనను ఆ ఏడు, డెబ్బై నాలుగులో, ఎన్.సి.సి. అధికారిగా ఎంపిక చేశారు. గ్వాలియర్ ఎండలో కవాతు చేసి, తుపాకి పట్టడం నేర్చుకుని, పిల్లలకు శిక్షణ ఇచ్చే అర్హతతో తిరిగొచ్చింది. పంద్రాగస్టు కవాతు నడిపించేది తనే. ముందు వరసలో నాయనను కూర్చోబెట్టాలని, పైఅధికారిని అడిగి జీపు తీసుకుని, హవల్దారును వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ వచ్చింది.

నాయన ఏలీయా బేల్దారి పని చేసి, తల్లిలేని పిల్లను ఎమ్మే దాకా చదివించిన మనిషి. ఆమెకు కాలేజీలో ఉద్యోగం వచ్చిన రోజు చర్చిలో అందరికీ బెల్లం పంచాడు. ఎన్.సి.సి. మాట ఎత్తగానే మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. పాఠాలు చెప్పుకుంటే చాలదా అన్నాడు. మళ్లీ తనే, "ఆడ నాయన పేరు గూడా అడుగుతారా?" అన్నాడు.

రాళ్లు మోసే తండ్రి పేరు చెప్పుకోవడం కూతురికి నామోషీ అనుకుంటున్నాడేమోనని ఆమెకు నవ్వొచ్చింది. అడుగుతారనీ, గొప్పగా చెప్పుకుంటాననీ అంది. ఆ పూట అతను సంగటి ముట్టలేదు.

గ్వాలియర్ నుంచి వచ్చాక పెట్టె తెరిచి ఖాకీ బట్టలు చూపిస్తే లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆడపిల్ల ప్యాంటు తొడుక్కుంటే సంఘంలో ఏమంటారోనని బాధ కాబోలు అనుకుంది. కానీ అతను ఎవరి మాటా లెక్కచేసే రకం కాదు. పెళ్లికి ముందు ఇంట్లో చెప్పకుండా వెళ్లి, కొన్నేళ్ల తర్వాత చిక్కి శల్యమై తిరిగొచ్చాడని జీవమ్మ చెప్పేది. అడిగితే అస్సాంలో రోడ్డు పని అనేవాడు. అలాంటివాడికి ఇప్పుడు ఈ బెదురేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

హవల్దారు తనూ వెతుకుతానన్నాడు. ఆమె వద్దని, జీపు దగ్గరే ఉండమని, ఒక్కతే వక్కిలేరు వాగు వైపు నడిచింది. తుమ్మచెట్ల చాటున, మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉన్నాడు నాయన. బూట్ల చప్పుడుకు తల పైకెత్తాడు. గోడ దూకినప్పుడు గీసుకున్న మోచేయి నెత్తురోడుతోంది.

"నేను ప్యాంటేసుకుంటే నీకు సిగ్గయితాందా నాయనా?"

కాదన్నట్టు తల ఊపాడు.

"మరి ఏందీ? వద్దంటే వద్దని చెప్పు. ఈ పొద్దే మానుకుంటా. నీకంటే నాకు ఎక్కువ కాదిది."

అతను మెల్లగా లేచాడు. మడమలు దగ్గరికొచ్చాయి. చేతులు తొడలకు అతుక్కున్నాయి. గడ్డం పైకి లేచింది. గ్వాలియర్‌లో తనకు నేర్పినట్టే, అచ్చం అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్లలో నాయన అలా నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. అతని చూపు కూతురి ముఖం మీద లేదు, ఆమె భుజం మీది ఇత్తడి అక్షరాల మీద ఉంది.

"నాయనా," అంటూ ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

అతను రెండు మణికట్లూ దగ్గరికి చేర్చి, ఆమె ముందుకు చాచాడు.

"బర్మా యుద్ధంలోంచి పారిపోయొచ్చినోన్ని పట్టుకపోనీకి నిన్నే పంపించినారా అమ్మా?"