మంచు ఊరి తలుపు

“తలుపెయ్యవమ్మాయ్, మంచంతా లోపలికొస్తోంది” అన్నాడు మూల సీట్లోని ముసలాయన.

మిసుజు ఉలిక్కిపడింది. బుల్లెట్ రైలు దిగి, బయటికెళ్ళే పెద్దదారి వదిలి, అడ్డదారిన పరిగెత్తి, ఈ రెండు బోగీల లోకల్ రైలు అప్పుడే ఎక్కింది.

“దానంతటదే పడదా తాతగారూ?”

“టోక్యోలో పడుతుందేమో. చలికాలం ఇక్కడ మనమే వేసుకోవాలి. పక్కన బటన్లున్నాయి చూడు. పైది తెరవడానికి, కిందది మూయడానికి.”

కిందది నొక్కింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ‘పట్నం పిల్ల మన మంచులో ఏం కాపురం చేస్తుంది? తలుపెయ్యడం కూడా తెలీదు’ అందట తను పెళ్ళాడాలనుకుంటున్న సోయిచి తల్లి. తన ఫొటో పంపితే ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ మొహం మిసుజు ఇంతవరకూ చూడలేదు. మధ్యాహ్నంలోగా వస్తే మాట్లాడతానని, లేకపోతే ఈ పెళ్ళి మాటే ఎత్తొద్దని కబురు. ఇంటికప్పు మీద మంచు తియ్యడానికి సోయిచి నిన్ననే వెళ్ళిపోయాడు. ఈ రైలు తప్పితే మళ్ళీ రెండు గంటలకి గానీ లేదు.

“అత్తారింటికా?” అన్నాడు ముసలాయన.

“ఇంకా కాలేదండీ. ఆవిడ ఒప్పుకుంటేగా.”

“ఒప్పుకోకేం. తలుపెయ్యడం వచ్చేసిందిగా.”

మిసుజుకి నవ్వొచ్చింది. ఇంతలో ఒకాయన ఎక్కి, తలుపు అలాగే వదిలేసి ముందు బోగీలోకి వెళ్ళిపోయాడు. మంచు రివ్వున కొట్టింది. ఈసారి ఎవరిచేతా చెప్పించుకోకూడదని చటుక్కున లేచి బటన్ నొక్కేసింది.

అప్పుడు చూసింది. ఎవరో పెద్దావిడ, చేతికో భోజనం పెట్టెతో, ఏదో అరుస్తూ పరిగెత్తుకొస్తోంది. తలుపు సరిగ్గా ఆవిడ మొహం మీదే పడింది. చేతులు ఖాళీ లేక మోచేత్తో అద్దం మీద కొట్టిందావిడ. మిసుజు గాభరాగా పై బటన్ నొక్కింది, మళ్ళీ నొక్కింది. డ్రైవరు అప్పటికే తాళం వేసేసినట్టున్నాడు, తలుపు కదల్లేదు. రైలు కదిలింది.

పెద్దావిడ కళ్ళార్పకుండా తన వంకే చూస్తూ నిలబడిపోయింది. మిసుజు ప్రాణం ఉసూరుమంది. ప్లాట్‌ఫాం దాటేదాకా తల వంచి దణ్ణాలు పెడుతూనే ఉంది.

“నీ తప్పేం లేదులే తల్లీ” అన్నాడు ముసలాయన. “చలికి తలుపెయ్యాలిగా మరి.”

సోయిచి నుంచి మెసేజ్ వచ్చింది.

“చెప్పొద్దంది గానీ, నీకోసం అమ్మ నువ్వు రైలు మారే స్టేషన్‌కే వచ్చింది, కలిసిందా?”