కెమెరా కింద చెయ్యి

“బాబాయ్, అది చెయ్యా చీపురుకట్టా?” అంది మెరుపు.

బూట్లకు సోలు అతికించడంలో ఆమెను మించిన చెయ్యి ఆ షెడ్డులో లేదు. అందుకే ఆ పేరు. అతికించి, అరచేత్తో ఒక్కటి చరిచి, పక్కన పడేస్తుంది.

పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన పెద్దాయనకు నత్త అని పేరు పెట్టిందీ ఆమే.

నత్త నవ్వాడు. జిగురు రాశాడు. సోలు నొక్కాడు. వేళ్ల వెనకవైపుతో మడమ చుట్టూ ఒకసారి నిమిరాడు. ప్రతి బూటుకీ అదే తంతు.

ఆ వారమే యజమాని వాళ్ల వరసలో ఒక బల్లకు పైన కెమెరా వేలాడదీయించాడు. దాని కింద కూర్చోవడం మంచి పనివాళ్లకు మర్యాదట! మెరుపు తలెగరేసి వెళ్లి కూర్చుంది.

నత్త పక్కకు వంగాడు.

“అమ్మాయ్, దాని కింద నెమ్మదిగా చెయ్. తప్పులు చెయ్.”

“ఎందుకో?”

“నీ చెయ్యి నీ దగ్గరే ఉండాలంటే.”

“నీకు చేతకాదని మమ్మల్నందర్నీ కుంటమంటావా?”

షెడ్డంతా పగలబడి నవ్వింది.

మెరుపు అంతటితో వదల్లేదు. “ఈయన మూలంగా మా వరసంతా వెనకబడుతోంది” అని మేస్త్రీకి చెప్పింది. సాయంత్రానికల్లా నత్తను పంపించేశారు.



తర్వాత కెమెరా పోయింది, ఇనప చేతులు వచ్చాయి. సోలు నొక్కి, అరచేత్తో ఒక్కటి చరిచాయి. ఆ చరుపు పనికి అక్కర్లేదు, అది మెరుపు అలవాటు. యంత్రం దాన్నీ వదల్లేదు.

షెడ్డు ఖాళీ అయింది. యంత్రాలు తుడవడానికి మెరుపును ఉంచారు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. గుడ్డ తడిపింది, తుడిచింది.

చేతులు తగ్గాయి, లాభం పెరిగింది. పెరిగిన లాభం ఊరుకుంటుందా? మూతపడ్డ ఇంకో ఫ్యాక్టరీని మింగింది. అక్కడి పాత యంత్రం లారీలో వచ్చి దిగింది.

“పాతదైనా దీని జోరు చూడక్కా” అన్నాడు మెకానిక్. “ఆ ఫ్యాక్టరీ మొత్తంలో అందరికంటే చురుకైన మనిషిని చూసి నేర్చుకుందట.”

“ఆ మనిషి ఏమయ్యాడు?”

“ఎవరికి తెలుసు? ఇది వచ్చాక తీసేసుంటారు.”

మీట నొక్కాడు.

ఇనప చెయ్యి జిగురు రాసింది. సోలు నొక్కింది.



ఆ చెయ్యి చటుక్కున తిరిగి, వేళ్ల వెనకవైపుతో మడమ చుట్టూ ఒకసారి నిమిరింది.