పెద్దకోడలి కేక

చిన్నకోడలు బొద్దింకను చూసి కెవ్వుమంటే చాలు, ఇంటిల్లిపాదీ వంటింట్లోకి ఉరికేవారు. "పాపం, పిచ్చితల్లి హడలిపోయింది!" అని అత్త దగ్గరికి తీసుకునేది. బొద్దింకను చెప్పుతో కొట్టి ఊడ్చి పారేసేది మాత్రం పెద్దకోడలు. ఆమెకూ ఒళ్ళు జలదరించేది. ఎవరడిగారు?

అసూయ ఎముకల్లో కుళ్ళు అని బైబిలు వాక్యం ఊరికే హెచ్చరించలేదు. ఒకరోజు డబ్బా మీద మీసాలాడిస్తున్న బొద్దింకను చూడగానే, పెద్దకోడలిలోని ఆ కుళ్ళంతా కేకై బయటపడింది.

"అమ్మో, బొద్దింక!"

"నీకు భయమేంటే? నిన్ను చూసి అదే చస్తుంది!" అన్నాడు మొగుడు, పేపరు దించకుండా. అత్త పకపకా నవ్వింది.

చిన్నకోడలొక్కతే పరుగెత్తుకొచ్చింది. కళ్ళు సగం మూసుకుని చెప్పెత్తింది.

"ఎక్కడక్కా? నువ్వు నా వెనక్కి రా."

పెద్దకోడలు ఆ చెప్పు అందుకోలేదు. చెల్లెలి భుజం పట్టుకుని వెనక నక్కింది.